గంప ఎత్తనివాళ్ళ పాట

దుర్గ మొప్ప ఎత్తి చూడకుండా ఏ చేపనీ ముట్టుకోదు. నోటుని ఎండకి పట్టి చూడకుండా ఎవరి దగ్గరా పుచ్చుకోదు. కట్టుకున్న మొగుడు సూరయ్య జ్వరమని ముసుగు తన్నినా సరే, నుదుటి మీద చెయ్యి వేసి చూశాకే గంజి కాస్తుంది. వెనకాల అందరూ ఆవిడని అనుమానపు పక్షి అంటారు. ముందర అనే దమ్ము ఎవరికీ లేదు, ఎందుకంటే కళింగపట్నం అవతల ఆ పేట ఒడ్డున చేపల పాట నడిపేది ఆవిడే.

పద్దెనిమిదేళ్ళుగా ఆ పని ఆవిడదే. బోట్లు ఒడ్డుకి రాగానే గంపలు వరసగా పెట్టిస్తుంది. మొదటి ధర తను చెబుతుంది, చుట్టూ నిలబడ్డ వ్యాపారులు పైకి పాడతారు, ఎక్కువ పాడినవాడు గంప ఎత్తుకుపోతాడు. ఇందులో ఒక దొంగతనం ఉంది. బోటువాడు తన మనిషినే వ్యాపారుల మధ్య నిలబెట్టి, గంప ఎత్తే ఉద్దేశం లేకుండా ధర పెంచించడం. దాన్ని ఉత్త పాట అంటారు. దుర్గ దగ్గర ఉత్త పాట పాడి గట్టెక్కినవాడు ఇంతవరకూ పుట్టలేదు. ఎలా పట్టుకుంటావని ఒకసారి వాళ్ళూ వీళ్ళూ అడిగితే చెప్పింది.

"కొనీవోడు సేప మొకం సూత్తాడు. ఉత్త పాటోడు పక్కోడి మొకం సూత్తాడు. అంతే."

అలా ఎల్లాజీ అనేవాణ్ణి పట్టుకుని ఒక ఏడాదంతా పాట చుట్టూ ఇసకలో గీసే గిరి బయట నిలబెట్టింది. వాడు ఆవిడకి పెదనాన్న కొడుకు. అయినా సరే.

అలాంటి మనిషికి ఆ సంవత్సరం సొంత తమ్ముడి మీద అనుమానం పుట్టింది. రెండువేల పదిహేడు మార్చిలో వెంకీ కొత్త బుల్లెట్ బండి కొన్నాడు. వెంకీకి శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మేడ మీద ఒక గది, రెండు కంప్యూటర్లు, షేర్లు కొనిపెట్టే ఆఫీసని ఒక బోర్డు ఉన్నాయి. ఆ గదిలోకి వచ్చే జనం ఎంతమందో దుర్గకి తెలుసు. ఆ జనంతో సైకిల్ కొనుక్కోవచ్చు, బుల్లెట్ కొనడానికి లేదు. తల్లీ తండ్రీ ఒకే ఏడు పోతే, నాలుగేళ్ళ పిల్లాణ్ణి చంకనేసుకుని ఒడ్డున చేపలు అమ్మి పెంచింది వాణ్ణి. వాడు అబద్ధం చెప్పబోయే ముందు చెవి గీరుకుంటాడు. బండి డబ్బు ఎక్కడిదిరా అని అడిగితే చెవి గీరుకున్నాడు.

ఏప్రిల్ సగం నుంచి వేట నిషేధం. రెండు నెలలు సముద్రంలోకి బోటు దిగకూడదు. ఒడ్డున పాట లేదు, దుర్గకి పని లేదు. తమ్ముడికి అన్నం పట్టుకెళ్ళే వంకతో రోజూ పొద్దున్నే బస్సెక్కి శ్రీకాకుళం వెళ్ళి, ఆ మేడ మీద గదిలో మూలనున్న ప్లాస్టిక్ కుర్చీలో సాయంత్రం దాకా కూర్చోవడం మొదలుపెట్టింది. వెంకీకి ఇబ్బందిగానే ఉంది. పొమ్మనలేడు.

"ఆ గీతలేటిరా?" అని మూడో రోజు అడిగింది. గీతలతోనైనా కాసేపు నోరు మూసుకుంటుందని కాబోలు, వెంకీ ఉత్సాహంగా కంప్యూటర్ ఆవిడ వైపు తిప్పాడు.

"సూడక్కా. పైన గీత ధర. కింద గీత ఊపు, మొమెంటం అంటారు. ధర ఎంత పడిందో పైది సెప్తాది. ఎంత జోరుగా పడిందో కిందది సెప్తాది. ఇక్కడ సూడు, ధర ముందుసారి కంటే ఇంకా కిందకి దిగిపోయింది. కింద గీత మాత్రం ముందుసారంత దిగలేదు. అంటే ఏటి? పడతన్నాది గానీ పడే జోరు తగ్గిపోయింది. ఇక్కడ్నుంచి తిరగొచ్చు."

"తిరగొచ్చా, తిరుగుతాదా?"

"తిరగొచ్చంతే. ఎవడికీ గేరంటీ లేదు."

చెవి గీరుకోలేదు. దుర్గకి ఆ మాట నచ్చింది. పైగా అదేమీ కొత్త విద్యలా అనిపించలేదు. మధ్యాహ్నం మిగిలిపోయిన కవ్వళ్ళ చేపల గంపకి ధర పడిపోతుంటే, వ్యాపారులు మొదట వద్దంటే వద్దని చటుక్కున అంటారు. ఇంకా పడ్డాక వద్దనడానికి కాస్త ఆలస్యం చేస్తారు, గంప వైపు ఓ చూపు చూసి మరీ అంటారు. ధర ఇంకా పడుతూనే ఉంటుంది, కానీ దుర్గకి తెలిసిపోతుంది, ఇక నిలబడుతుందని. ఆవిడ చెవితో పట్టుకునేదాన్నే ఈ కంప్యూటర్ గీతగా గీస్తోంది.

ఆ తర్వాత అక్కా తమ్ముళ్ళకి అదొక ఆటైపోయింది. అన్నం తింటూ వెంకీ ఏదో ఒక కంపెనీ గీతలు పెట్టేవాడు, దుర్గ ఎంగిలి వేలితో చూపించేది. ఒక సిమెంటు కంపెనీది తిరుగుతుందంది, తిరిగింది. ఒక బ్యాంకుది తిరుగుతుందంది, అది ఇంకా లోతుకి పోయింది. జోరు తగ్గినంత మాత్రాన తిరిగినట్టు కాదని అప్పుడు అర్థమైంది. ఆ నెల రోజులూ బుల్లెట్ సంగతి దాదాపు మర్చిపోయింది కూడా. చదువుకోని అక్క చెప్పింది తమ్ముడు శ్రద్ధగా వింటుంటే ఆవిడకి గర్వంగా ఉండేది, ఆ గర్వమే కాస్త కళ్ళు కప్పింది.

మే మూడో వారంలో వెంకీ ఒక చిన్న కంపెనీ గీత పెట్టాడు. రొయ్యల మేత తయారుచేసేది. ఏడాదిగా పడుతూ వచ్చింది. ముప్పై ఎనిమిదికి పడి కాస్త లేచింది, మళ్ళీ ముప్పై అయిదుకి పడింది. కింద గీత మాత్రం రెండోసారి పైనే నిలబడింది. అక్కణ్ణుంచి ధర లేవడం మొదలై నలభై దాటింది.

"ఎలాగున్నాది?" అన్నాడు.

"బాగున్నాది," అంది దుర్గ. నిజంగానే బాగుంది.

"మన ఆడోళ్ళకి సెప్పక్కా. లక్ష్మణమ్మత్తకీ ఆళ్ళకీ. నిషేధం అయ్యేలోపు నాలుగు డబ్బులొత్తాయి. నాను సెప్తే నమ్మరు. నువ్వు సెప్తే ఇంటారు."

చెవి గీరుకున్నాడు.

దుర్గ అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంది. కానీ లోపల పాత దుర్గ లేచి కూర్చుంది. ఈ వెధవ ఇంతకుముందు ఎన్ని గీతలు చూపించాడు, ఒక్కదాని గురించైనా ఆడవాళ్ళకి చెప్పమన్నాడా? ఇదొక్కటే ఎందుకు? రెండు రోజులు ఆ రొయ్యల మేత గీతనే చూస్తూ కూర్చుంది. మిగతా కంపెనీల గీతలు పిచ్చి పిచ్చిగా పోతాయి, ఓ రోజు పొద్దున్న లేస్తే ఓ రోజు సాయంత్రం లేస్తాయి. ఇది మాత్రం పదకొండు గంటలకి ఒకసారి, రెండున్నరకి ఒకసారి లేస్తోంది. ఒకటే మోతాదు. ఆఫీసు టైముకి వచ్చే గుమస్తా కూడా అంత సరిగ్గా రాడు.

"ఒరే, ఈ మేతది రోజుకి వంద అమ్ముడుపోతే ఇంటికి ఎత్తుకుపోయినవోళ్ళు ఎందరు?"

"అంటే?"

"పాట పాడీసి గంప ఎత్తినవోళ్ళు ఎందర్రా అని అడుగుతన్నాను."

వెంకీ విసుక్కుంటూనే ఏదో నొక్కి చూశాడు. డెలివరీ అని ఒక లెక్క ఉంటుందట. సాయంత్రానికి షేరు తన దగ్గర ఉంచుకున్నవాళ్ళది.

"నాలుగు."

"మరి తొంబై ఆరు?"

"పొద్దున్న కొని మద్దేనం అమ్మీసుకున్నవి. అదంతా మామూలే అక్కా."

"ఒడ్డునే కొని ఒడ్డునే అమ్మీసుకుంటే మరి సేప తిన్నోడు ఎవడ్రా?"

వెంకీ నవ్వాడు. టీ తాగొస్తానని కిందకి దిగిపోయాడు. గోడ గడియారంలో పదకొండు కావస్తోంది. దుర్గ కంప్యూటర్ దగ్గరకి కుర్చీ జరుపుకుని కూర్చుంది. పదకొండు కాగానే గీత లేచింది, నలభై ఒకటి ముప్పై అయిదు. అదే నిమిషంలో ఆవిడ బొడ్లో సెల్‌ఫోన్ గుర్రుమంది.

ఆ ఫోన్‌కి అలాంటి మెసేజులు చాలా రోజులుగా వస్తున్నాయి. ఇంగ్లీషులో ఉంటాయి. ఏటిరా ఇవి అని అడిగితే, ప్రకటనలక్కా, తుడిచెయ్ అన్నాడు వెంకీ. తుడిచేస్తూ వచ్చింది. ఈసారి తుడవలేదు. దుర్గకి ఇంగ్లీషు రాదు కానీ అంకెలు వచ్చు, అంకెల్లో పుట్టిన మనిషి. మెసేజులో నలభై ఒకటి ముప్పై అయిదు అని ఉంది. తెర మీద కంపెనీ పేరుకి ఎలాంటి అక్షరాలున్నాయో మెసేజులోనూ అవే అక్షరాలు. ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి రెండుసార్లు పోల్చుకుంది. ఇంతలో రెండో మెసేజు వచ్చింది. నలభై ఒకటి అరవై. తెర మీదా నలభై ఒకటి అరవై.

దుర్గకి ఇంట్లో ఉన్న స్టీలు క్యారియర్ గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట వెంకీ పేటకొచ్చి, ఆఫీసు పెట్టాను, లెక్క చూపించడానికి మీ పేర్లతో కొన్ని అకౌంట్లు కావాలి అన్నాడు. సంతకం పెట్టిన ప్రతి ఆడమనిషికీ ఒక స్టీలు క్యారియర్ ఇచ్చాడు. ఒడ్డున ఒకరి పేరు మీద ఒకరు పాడటం మామూలే. ఒంట్లో బాగోక రాలేకపోతే, నా పేరన రెండు గంపలు పాడు అని చుట్టానికి చెప్పి పంపుతారు, ఎవరూ ఇంకో మాట అడగరు. అలవాటు కొద్దీ అందరూ సంతకాలు పెట్టారు. నోట్లని ఎండకి పట్టి చూసే దుర్గ కూడా పెట్టింది. ఆవిడ చూసుకున్నదల్లా ఆ క్యారియర్ మూత సరిగ్గా పడుతుందో లేదోనే.

వెంకీ పైకి వచ్చేసరికి ఫోన్ వాడి మొహం ముందు పెట్టింది.

"ఇది నానే కొంతన్నానా?"

కాసేపు ఏదేదో అన్నాడు. తర్వాత తలుపు గడియ వేసి, నేల మీద కూర్చున్నాడు.

"నీదొక్కద్దే కాదక్కా. పేటలో పదకొండు మందివి. ఇశాపట్నంలో ఒక పెద్దమనిషి ఉన్నాడు. డబ్బు ఆయనది, పేర్లు మనవి. నీ అకౌంటు అమ్ముతాది, లక్ష్మణమ్మత్తది కొంటాది, మళ్ళీ అత్తది అమ్ముతాది. ధర లేత్తాది. ధర లేత్తే కింద గీత కూడా లేత్తాది. ఊళ్ళలో గీతలు సూసుకునీవోళ్ళు వేలమంది ఉన్నారు. ఆళ్ళు తిరిగిందనుకుని నిజంగా వచ్చి కొంటారు. అప్పుడు ఆయన దగ్గరున్నదంతా ఆళ్ళకి అంటగడతాడు. నాకు కమీషన్."

"ఆ కింద గీత జోరెంతో సెప్తాదన్నావు కదరా?"

"దానికేటి తెలుసక్కా? ఎవుడు పాడినా దానికి పాటే."

ఆ గీత ఎవరి మొహమూ చూడలేదు. చేప వైపు చూసేవాడినీ పక్కవాడి వైపు చూసేవాడినీ ఒకేలా రాసుకుంటుంది. ఉత్త పాటవాళ్ళని పద్దెనిమిదేళ్ళు ఏరి గిరి బయట నిలబెట్టిన మనిషి, రోజుకి రెండుసార్లు, బొడ్లో ఫోన్ పెట్టుకుని, ఊరికంతా వినపడేలా ఉత్త పాట పాడుతోంది.

"ఇది బయటికొత్తే ఎవుర్ని పట్టుకుంతారు?"

వెంకీ తల వంచుకున్నాడు. "పేర్లు ఎవురివైతే ఆళ్ళని."

చెంప మీద ఒక్కటిచ్చింది. వాడు కాళ్ళు పట్టుకున్నాడు. మూడు రోజులు ఆగమన్నాడు. మూడు రోజుల్లో అన్నీ మూసేస్తాను, పెద్దమనిషికి దణ్ణం పెట్టేస్తాను, ఎవరికీ ఏమీ కాదన్నాడు. "ఇప్పుడు నోరిప్పితే నన్ను జైల్లో ఏసీత్తారు. నువ్వు తప్ప నాకు ఎవురున్నారక్కా?"

వాడు అప్పుడు చెవి గీరుకున్నాడో లేదో దుర్గ చూడలేదు. చూడాలనిపించలేదు. చంకనెక్కిన నాలుగేళ్ళ పిల్లాడే కనిపించాడు. సరే, మూడు రోజులు, అంది.

మర్నాడు శ్రీకాకుళం వెళ్ళలేదు. పదకొండు కొట్టేదాకా ఫోన్ వంకే చూస్తూ కూర్చుంది. మెసేజు రాలేదు. రెండున్నరకీ రాలేదు. మాట నిలబెట్టుకుంటున్నాడు వెధవ అనుకుంది, ప్రాణం కుదుటపడింది. పేటంతటినీ అనుమానించిన మనిషి, అనుమానించాల్సిన ఒక్కచోటా నమ్మింది. తన పేరు మీద పాట ఆగిందే గానీ మిగతా పదిమంది పేర్ల మీద ఆగిందో లేదో అడగాలని కూడా తోచలేదు.

రెండో రోజు సాయంత్రం లక్ష్మణమ్మ ఎదురుపడింది. అరవై దాటిన మనిషి, దుర్గకి వరసకి అత్త, ఒడ్డున అందరికన్నా పాత వ్యాపారి. ఇసకలో ఎండబెట్టిన నెత్తళ్ళు గోనెలోకి ఎత్తుకుంటూ అడిగింది.

"దుర్గే, మీ వెంకీగాడు నిన్న వచ్చాడు. ఏదో రొయ్యల మేత షేరంట, తిరుగుతాదంట. కొనమంటావా?"

వద్దంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే రాత్రికి పేటంతా తెలుస్తుంది. ఒక్క రోజే ఉంది. రేపు వాడు మూసేస్తాడు, మూసేశాక కొనడానికే ఉండదు. దుర్గ కిందకి వంగి, చెదిరిన నెత్తళ్ళు నాలుగు ఏరి గోనెలో వేసింది. ఏమీ అనలేదు. లక్ష్మణమ్మ ఒక క్షణం చూసి, గోనె మూతి కట్టుకుని వెళ్ళిపోయింది.

నాలుగో రోజు పొద్దున్న దుర్గ మేడ మెట్లెక్కేసరికి తాళం వేసి ఉంది. వెంకీ ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. కింద టీ కొట్టులో ఒకాయన సెల్లులో షేర్లు చూసుకుంటుంటే, రొయ్యల మేతది ఎలా ఉందో చూడమంది. ఆయన చూసి పెదవి విరిచాడు. పొద్దున్న బజారు తెరవగానే, ఒక రోజులో ఎంతవరకు పడనిస్తారో అంతా పడిపోయిందట. అమ్ముతామని లక్షల్లో ఉన్నారు, కొంటామని ఒక్కరూ లేరు. అలాంటప్పుడు కింద గీత చూసినా లాభం లేదమ్మా, అన్నాడు ఆయన, దయగానే.

దుర్గ బస్సు కోసం ఆగకుండా ఆటో కట్టించుకుని పేటకి వచ్చింది. నేరుగా లక్ష్మణమ్మ ఇంటికి వెళ్ళింది. మనవడి బోటుకి కొత్త ఇంజను వేయించడానికి లక్ష్మణమ్మ రెండేళ్ళుగా ఎనభై వేలు కూడబెట్టిందని పేటలో అందరికీ తెలుసు. నిషేధం అయిపోయి వేట మొదలయ్యే రోజుకి ఇంజను కావాలి.

"అత్తా, వెంకీగాడికి డబ్బులేటైనా ఇచ్చావా?"

"మొన్న ఇచ్చీసాను. ఎనబై. ఏటే, అలగ చెమటలు కక్కుతన్నావు?"

దుర్గ గుమ్మంలోనే కూలబడి మొత్తం చెప్పింది. క్యారియర్లు, సంతకాలు, పదకొండు పేర్లు, విశాఖపట్నం పెద్దమనిషి, ఇవాళ పొద్దున్న పడిపోయిన ధర. తమ్ముణ్ణి వెనకేసుకురాలేదు. లక్ష్మణమ్మ అరుస్తుందనుకుంది, గుండెలు బాదుకుంటుందనుకుంది. ఆవిడ అదేమీ చెయ్యలేదు. ఒకటే అడిగింది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

తమ్ముడు పారిపోయాడని ఇవాళే తెలిసింది. ఆ మాట చెబితే అబద్ధమూ కాదు. అది దుర్గ నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నాలుగు రోజులైంది," అంది.

"అంటే నాను అడిగిన రోజుకి తెలుసు."

"తెలుసు. అందుకే కొనమని అనలేదు అత్తా. నోరిప్పలేదు కదా."

లక్ష్మణమ్మ ఆవిడ వంక వింతగా చూసింది.

"ఒసే, పద్దెనిమిదేళ్ళు నీ ఎదర నిలబడి పాడాను. పాట బాగోపోతే లేదు పొమ్మంటావు. నువ్వు నోరు మూసుకున్నావంటే గంప నాదని ఎత్తుకుపోతాను. ఒడ్డున పసిపిల్లకైనా తెలుసు. నువ్వు వద్దని అనలేదు. అందుకే ఇచ్చీసాను."

దుర్గ కొన్ని వేల గంపలకి అలాగే ధర ఖాయం చేసింది. ఎదురుగా నిలబడ్డవాడి కళ్ళలోకి చూసి, ఊరుకుని. ఆ సాయంత్రం ఇసకలో వంగి నెత్తళ్ళు ఏరినప్పుడు, తన మౌనం ఎదుటి మనిషి చెవికి ఏమని వినపడుతుందో ఈ పేటలో తనకి తప్ప అందరికీ తెలుసు.

ఏడవలేదు. లేచి చీర దులుపుకుంది. "పద అత్తా. నీ ఫోనూ తీసుకురా," అంది.

శ్రీకాకుళంలో పోలీసు స్టేషన్ వరండాలో బల్ల మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. లక్ష్మణమ్మ గోడ వైపే చూస్తోంది. దుర్గ బొడ్లో ఫోన్ రెండుసార్లు గుర్రుమంది. తీసి చూసింది. వెంకీ. మోగి మోగి ఆగిపోయేదాకా చేతిలో పట్టుకుని ఊరుకుంది.

రైటర్ కాగితం ముందుకి లాక్కున్నాడు.

"ఎవరి మీదమ్మా ఫిర్యాదు?"

"ఇద్దరి మీద," అంది దుర్గ. "ముందు నా పేరు రాయండి బాబూ. తర్వాత నా తమ్ముడిది సెప్తాను."